“ఓ మానవులారా” అన్నాక మినహాయింపులుండవు

చెన్నై ట్రిప్లికేన్‌లో రంజాన్ నెలలో తెలుగు శ్రోతల ముందు చేసిన ప్రసంగ పాఠం

పెద్దలందరికీ అస్సలాము అలైకుం, నమస్కారం. రోజాలో, అంటే ఉపవాసంలో, ఉన్నవాళ్లున్నారు, ఆఫీసు నుంచి అటే వచ్చినవాళ్లున్నారు, ముస్లిమేతర మిత్రులూ చాలామందే ఉన్నారు. అందరికీ అర్థమయ్యేలా మాట్లాడతాను. అరబీ మాటలు అవసరమైన మేరకే వాడతాను.

ఇస్లాం సందేశం అందరిదీ అంటారు కదా, ఈ కాలంలో ఆ మాటను ఎలా అర్థం చేసుకోవాలి? నన్ను మాట్లాడమన్నది దీని గురించి. ఈ ప్రశ్న మద్రాసుకు కొత్త కాదు. 1925లో ఇస్లామీ పండితుడు సయ్యద్ సులైమాన్ నద్వీ గారు ఈ ఊరికి వచ్చి ప్రవక్త జీవితం మీద ఉర్దూలో ఎనిమిది ఉపన్యాసాలిచ్చారు. ఒక అరబ్బు మనిషి జీవితం ప్రపంచంలో ప్రతి మనిషికీ ఆదర్శం ఎలా అవుతుందన్నదే వాటి ముఖ్య విచారణ. 1927లో పిక్తాల్ వచ్చారు. ఇంగ్లండులో పుట్టి ఇస్లాం స్వీకరించినాయన. అప్పటికి హైదరాబాద్‌లో చాదర్‌ఘాట్ హైస్కూలు ప్రిన్సిపాల్. ఖుర్ఆన్‌కు ఆయన చేసిన ఇంగ్లీషు అనువాదం 1930లో వచ్చింది. 1929 జనవరిలో కవి, తత్వవేత్త ఇక్బాల్ ఇక్కడ మాట్లాడి, బెంగళూరు, మైసూరు మీదుగా హైదరాబాద్ వెళ్లారు. ఇక్బాల్‌ను రప్పించిన మనిషి సేఠ్ జమాల్ ముహమ్మద్, మద్రాసు తోళ్ల వ్యాపారి. వ్యాపారంలో వచ్చిన డబ్బును ఇలాంటి ఆలోచనల మీద పెట్టిన ఆ పెద్దమనిషికి మనం చాలా రుణపడి ఉన్నాం.

అయితే ఆ చర్చంతా ఉర్దూలో, ఇంగ్లీషులో సాగింది. ఇదే ఊళ్లో అప్పుడు తెలుగు పత్రికలు అచ్చవుతున్నాయి, తెలుగువాళ్లు పెద్ద సంఖ్యలో బతుకుతున్నారు. వాళ్ల చెవిన ఆ చర్చ పడలేదు. అందుకే ఇవాళ తెలుగులో మాట్లాడడం నాకు ఎంతో సంతోషంగా ఉంది.

ఇక విషయానికి వస్తాను. మీలాద్ సభల్లో, అంటే ప్రవక్త పుట్టినరోజు సభల్లో, తప్పకుండా వినిపించే ఖుర్ఆన్ వాక్యాలు మూడున్నాయి. “ఓ మానవులారా, నేను మీ అందరి వైపుకు పంపబడిన దేవుని ప్రవక్తను అని చెప్పు” అనేది ఏడో సూరాలోది, సూరా అంటే ఖుర్ఆన్ అధ్యాయం. “నిన్ను సమస్త మానవాళికి శుభవార్త ఇచ్చేవాడిగా, హెచ్చరించేవాడిగా మాత్రమే పంపాం” అనేది ముప్పై నాలుగో సూరాలోది. “నిన్ను సకల లోకాలకు కారుణ్యంగానే పంపాం” అనేది ఇరవై ఒకటో సూరాలోది. వీటిని మనం గర్వంగా చదువుతాం, తప్పు లేదు. కానీ గర్వం దగ్గరే ఆగిపోతున్నాం. మా సందేశం అందరిదీ అని చాటుకున్న మరుక్షణం, ఆ అందరి పట్ల నువ్వెలా ఉన్నావని అడిగే హక్కు లోకానికి వస్తుంది. నా దృష్టిలో ఈ వాక్యాలు మన చేతికిచ్చిన పతకాలు కావు, మన భుజాన పెట్టిన బరువు. ఈ సాయంత్రం నేను చెప్పదలుచుకున్నది ఇదొక్కటే.

ముందు ఒక అభ్యంతరం చూద్దాం. ఖుర్ఆన్‌లోనే ఇంకోచోట, “నగరాల తల్లినీ దాని చుట్టుపక్కలవారినీ హెచ్చరించడానికి” ఈ గ్రంథం పంపామని ఉంది. నగరాల తల్లి అంటే మక్కా. మరి ఇది మక్కా జనానికి వచ్చిన గ్రంథమే కదా, లోకానికంతటికీ ఎలా వర్తిస్తుందని కొందరు పాశ్చాత్య పండితులు అడిగారు. న్యాయమైన ప్రశ్నే. కోపం తెచ్చుకోవాల్సిన పని లేదు.

జవాబు మన ఢిల్లీలోనే ఉంది. పద్దెనిమిదో శతాబ్దంలో షా వలీయుల్లా అనే మత పండితుడు ఈ చిక్కుముడి విప్పారు. ఇక్బాల్ ఉపన్యాసాలు 1930లో పుస్తకంగా వచ్చాయి. అందులో ఇజ్తిహాద్ మీద, అంటే స్వతంత్రంగా ఆలోచించి ధర్మ నిర్ణయం చేయడం మీద, ఒక అధ్యాయం ఉంది. షా వలీయుల్లా వాదాన్ని ఇక్బాల్ అక్కడ తిరిగి ఎత్తుకున్నారు. మానవాళి అంతటికీ సూత్రాలు తెచ్చిన ప్రవక్త వాటిని గాలిలో వదిలిపెట్టలేడు. ఒక జాతిని దగ్గరుండి తీర్చిదిద్దాలి. ఆ జాతి అలవాట్లను బట్టి, అప్పటి పరిస్థితులను బట్టి కొన్ని నియమాలు, కొన్ని శిక్షలు ఏర్పడతాయి. సూత్రాలు అందరివీ, ఎల్లకాలానివీ. ఆ జాతి కోసం ఏర్పడిన వివరాలు మాత్రం వాటంతటవే లక్ష్యాలు కావు, తర్వాతి తరాల మీద అక్షరం పొల్లుపోకుండా రుద్దాల్సినవీ కావు. ఈ మాట అన్నది షా వలీయుల్లా అంతటి ఆలిమ్, అంటే ధర్మపండితుడు, అని గుర్తుపెట్టుకోండి.

తర్వాతి కాలంలో ఫజ్లుర్ రహ్మాన్ దీన్ని ఒక పద్ధతిగా మలిచారు. 1919లో పుట్టి, పాకిస్తాన్ వదిలి, చివరి వరకు షికాగోలో పాఠాలు చెప్పిన పండితుడాయన. ఒక వాక్యాన్ని తీసుకుని ముందు అది దిగిన కాలానికి వెళ్లమన్నారు. అప్పుడు ఏ సమస్య ఉంది, ఏ అన్యాయాన్ని సరిచేయడానికి అది వచ్చిందో చూడమన్నారు. దాని వెనకున్న నైతిక సూత్రాన్ని పట్టుకుని మన కాలానికి తిరిగి వచ్చి, ఇప్పుడున్న సమస్య మీద ఆ సూత్రాన్ని నిలబెట్టమన్నారు. వినడానికి తేలిక, చేయడానికి చాలా చదువు కావాలి.

బానిసత్వమే చూడండి. ఖుర్ఆన్ దిగేనాటికి అది లోకమంతా ఉంది. ఒక్క వేటుతో నిషేధించే వాక్యం ఖుర్ఆన్‌లో లేదు. ఉన్నదేమిటి? బానిసను విడిపించడాన్ని ఎత్తైన కొండదారితో పోల్చింది. జకాత్, అంటే విధిగా ఇచ్చే దానం, ఖర్చుపెట్టే పద్దుల్లో బానిసల విముక్తిని చేర్చింది. విడుదల కోరే బానిసతో ఒప్పందం రాసుకోమని, అతనికి డబ్బు కూడా ఇవ్వమని చెప్పింది. ఈ వాక్యాలన్నీ ఏ దిక్కుకు నడుస్తున్నాయో కళ్లున్నవాడికి కనిపిస్తుంది. అయినా ముస్లిం రాజ్యాల్లో బానిసత్వం వందల ఏళ్లు సాగింది. మారిటేనియా దాన్ని చట్టంతో రద్దు చేసింది 1981లో. అక్షరాన్ని పట్టుకుని దిక్కును వదిలేస్తే ఇంత ఆలస్యం జరుగుతుంది. ఇవాళ బానిసత్వం మా ధర్మం అనే ముస్లిం మీకు కనపడడు. అంటే మనందరం, తెలిసో తెలియకో, ఈ కొత్త వ్యాఖ్యాన పద్ధతిని ఒప్పుకున్నట్టే.

ఇప్పుడు నా మనసుకు అన్నిటికన్నా దగ్గరైన చోటికి వస్తాను. ఎనభయ్యో సూరా.

మక్కాలో తొలి రోజులు. ప్రవక్త, సల్లల్లాహు అలైహి వసల్లం, మక్కాను ఏలే ఖురైషు తెగ పెద్దలతో మాట్లాడుతున్నారు. వాళ్లు డబ్బు, పలుకుబడి ఉన్నవాళ్లు. వాళ్లలో ఒకరిద్దరు ఒప్పుకున్నా ఊళ్లో సగం గొడవ సద్దుమణుగుతుంది, దెబ్బలు తింటున్న బీద ముస్లిములకు ఊపిరి వస్తుంది. అలాంటి కీలకమైన ఘడియలో అబ్దుల్లా ఇబ్న్ ఉమ్మె మక్తూమ్ అక్కడికి వచ్చారు. ఆయనకు చూపు లేదు. ఎదురుగా ఎవరున్నారో తెలియక, “దేవుడు మీకు నేర్పినదాంట్లోంచి నాకూ నేర్పండి” అని మధ్యలో అడిగారు. ప్రవక్త ముఖం చిట్లించారు, అటు తిరిగారు.

ఆలోచించండి. చూపులేని మనిషికి ఆ చిట్లింపు కనపడదు. ఆయనకు నొప్పి కలిగే అవకాశమే లేదు. తిట్టలేదు, పొమ్మనలేదు. ప్రవక్త ఉద్దేశం కూడా మంచిదే. లోకం లెక్క ప్రకారం ఇందులో తప్పేమీ లేదు. కానీ వహీ, అంటే దైవవాణి, వచ్చింది. “ముఖం చిట్లించాడు, తిరిగిపోయాడు, ఆ అంధుడు తన దగ్గరికి వచ్చినందుకు. నీకేం తెలుసు, అతను పరిశుద్ధుడవుతాడేమో. లెక్కచేయనివాడి మీద నువ్వు శ్రద్ధ పెడుతున్నావు. భయభక్తులతో పరుగున నీ దగ్గరికి వచ్చినవాణ్ణి అశ్రద్ధ చేస్తున్నావు.”

ప్రవక్తను మందలించిన ఆ వాక్యాలను ఎవరూ తీసెయ్యలేదు, దాచలేదు. పద్నాలుగు వందల ఏళ్లుగా నమాజుల్లో చదువుతూనే ఉన్నాం. ఆ తర్వాత ఇబ్న్ ఉమ్మె మక్తూమ్ కనిపిస్తే ప్రవక్త ఎంతో గౌరవంగా ఆహ్వానించేవారని తఫ్సీర్లు, అంటే ఖుర్ఆన్ వ్యాఖ్యానాలు, చెబుతాయి. మదీనాలో బిలాల్‌తో పాటు ఆయన కూడా అజాన్, అంటే నమాజు పిలుపు, ఇచ్చేవారు. ప్రవక్త ఊరు విడిచి వెళ్లినప్పుడు మదీనా బాధ్యత ఆయనకు అప్పజెప్పిన సందర్భాలున్నాయి. సందేశం అందరిదీ అనడానికి నాకు ఇంతకన్నా బలమైన సాక్ష్యం అక్కర్లేదు. పెద్ద మనుషులను ఒప్పించే తొందరలో ఒక చూపులేని మనిషికి ఇవ్వాల్సిన నిమిషం ఇవ్వకపోతే, పంపినవాడే ఊరుకోలేదు.

మరి మన జల్సాల్లో, అంటే మతసభల్లో, ఏం జరుగుతోంది? ముందు వరుస కుర్చీలు ఎవరికి వేస్తున్నాం? ఆటో తోలే మనిషి ఏదైనా సందేహం అడిగితే హజ్రత్‌కు, అంటే మతగురువు గారికి, టైముంటుందా? కాంట్రాక్టరు గారు అడిగితే ఉంటుంది కదా. ఎవరికి వారు మనసులో జవాబు చెప్పుకోండి.

నలభై తొమ్మిదో సూరా హుజురాత్‌కు వద్దాం. “ఓ మానవులారా, మిమ్మల్ని ఒక పురుషుడు, ఒక స్త్రీ నుంచి సృష్టించాం. మీరు ఒకరినొకరు తెలుసుకోవడానికి మిమ్మల్ని జాతులుగా, తెగలుగా చేశాం. దేవుని దగ్గర మీలో అందరికన్నా గౌరవనీయుడు అందరికన్నా భయభక్తులున్నవాడే.” ఇది పదమూడో వాక్యం. సర్వమత సభల్లో ఈ ఒక్క వాక్యమే విడిగా చదివి చప్పట్లు కొడతాం. దాని ముందున్న రెండు వాక్యాలు కలిపి చదివితే అసలు సంగతి తెలుస్తుంది. పదకొండో వాక్యం, “విశ్వసించినవారలారా” అని మొదలవుతుంది. ఒక వర్గం ఇంకో వర్గాన్ని ఎగతాళి చేయకూడదు, వీళ్లకన్నా వాళ్లే మేలైనవాళ్లు కావచ్చు, ఒకరికొకరు ఎత్తిపొడుపు పేర్లు పెట్టుకోవద్దు అంటుంది. పన్నెండో వాక్యం కూడా “విశ్వసించినవారలారా” అనే మొదలవుతుంది. అనుమానాలు మానండి, కూపీలు లాగొద్దు, చాటున చెడ్డగా మాట్లాడుకోవద్దు అంటుంది. పిలుపు “ఓ మానవులారా” అని మారేది ఆ తర్వాతే. మీ ఇంట్లో ఎగతాళి ఆగాకే లోకాన్ని పిలిచే యోగ్యత వస్తుందని ఆ వరుసను బట్టి నాకు అర్థమవుతోంది.

ఈ పదమూడో వాక్యం వెనక ఒక కథనం ఉంది. 630లో మక్కా స్వాధీనమయ్యాక ప్రవక్త బిలాల్‌ను కాబా మీదికెక్కి అజాన్ ఇవ్వమన్నారు. బిలాల్ అబిసీనియా మూలాలున్న మనిషి, నిన్నమొన్నటి దాకా బానిస. కొందరు ఖురైషులకు అది మింగుడుపడలేదు. ఒకాయన రంగును ఎత్తిపొడిచాడు. అప్పుడే ఈ వాక్యం దిగిందని చెబుతారు.

ఎత్తిపొడుపు అన్నాను కాబట్టి మన ఇంటి సంగతి మాట్లాడకుండా పోలేను. మన తెలుగు జిల్లాల్లో దూదేకులవాళ్లున్నారు, నూర్‌బాషాలని కూడా అంటాం. నేను ఆ ఇంటివాణ్ణే. మా తాత నెల్లూరు జిల్లా పల్లెల్లో దూది ఏకే విల్లు భుజాన వేసుకుని ఇంటింటికీ తిరిగేవాడు. పరుపు విప్పి, గడ్డకట్టిన పాత దూదిని వాకిట్లో పోసి, నారిని చెక్కతో మీటుతుంటే దూది నురగలా లేచేదట. సాయంత్రానికి కనురెప్పల మీద కూడా దూది పేరుకునేదని మా నాయన చెప్పేవాడు. ఇంట్లో మాట్లాడేది తెలుగే. రోజాలుండేవాళ్లు, నమాజులు చేసేవాళ్లు. అయినా మసీదులో మాత్రం, “తురకం రాదు, నువ్వేం సాయిబువి?” అనేవాళ్లు. పెళ్లి సంబంధాల దగ్గరికొచ్చేసరికి, “వాళ్లు దూదేకులోళ్లంట” అని గొంతులు తగ్గిపోయేవి. ఇవాళ్టికీ తగ్గుతున్నాయి. పోతులూరి వీరబ్రహ్మంగారి శిష్యుడు సిద్ధయ్య మావాడేనని తెలుగు లోకమంతా గౌరవంగా చెప్పుకుంటుంది. సొంత మసీదులో మాత్రం మేం సగం మనుషులం.

అరబ్బుకు అరబ్బు కానివాడి మీద, తెల్లవాడికి నల్లవాడి మీద ఏ ఆధిక్యతా లేదని ప్రవక్త చివరి హజ్‌లో చెప్పారు. ఆ మాటలు పోస్టర్లు వేసి గోడలకు అంటిస్తాం. అరబ్బుకే లేని ఆధిక్యత ఉర్దూకు ఎక్కణ్ణుంచి వచ్చింది? “ఏ ప్రవక్తనైనా తన జనం భాషలోనే పంపాం, వాళ్లకు స్పష్టంగా చెప్పడానికి” అని పద్నాలుగో సూరాలో ఉంది. ఉర్దూ మీద నాకు ప్రేమే. దాన్ని దీన్‌కు, అంటే ధర్మానికి, గేటు చేసి కాపలా కూర్చోవడమే నాకు కష్టంగా ఉంది.

ఇప్పుడు అన్నిటికన్నా చిక్కైన ప్రశ్న. సందేశం అందరిదీ అంటే, అందరూ ముస్లిములు కావాలనా? కాకపోతే వాళ్ల గతి ఏమిటి? హిందూ మిత్రులు మొహమాటపడి అడగరు గానీ, వాళ్ల మనసులో ఉండే ప్రశ్న ఇదే.

మౌలానా అబుల్ కలామ్ ఆజాద్ గారు ఈ ప్రశ్నతో ఏళ్ల తరబడి కుస్తీ పట్టారు. మొదటి ప్రపంచ యుద్ధం రోజుల్లో బ్రిటిష్‌వాళ్లు ఆయన్ను రాంచీలో నిర్బంధించారు. అక్కడ కూడా ఖుర్ఆన్ పనే చేశారు. పోలీసులు కాగితాలు పట్టుకుపోతే మళ్లీ రాశారు. ‘తర్జుమానుల్ ఖుర్ఆన్’ మొదటి సంపుటం 1931లో వచ్చింది. అందులో ఖుర్ఆన్‌లో మొదటిదైన ఫాతిహా సూరా మీద వ్యాఖ్యానమే ఒక గ్రంథమంత ఉంది. ఒక్క దేవుణ్ణి నమ్మడం, మంచి పని చేయడం, ఇదీ దీన్. ఇది అన్ని జాతులకూ ఒక్కటే. పూజా విధానాలు, చట్టాలు, ఆచారాలు దేశకాలాలను బట్టి మారతాయి. వాటిని పట్టుకుని మనుషులు గుంపులుగా చీలిపోయారు, ఖుర్ఆన్ ఆ గుంపు బుద్ధిని ఖండించడానికి వచ్చింది. టూకీగా ఆయన చెప్పింది ఇది.

ఆయనకు ఆధారం అయిదో సూరాలోని వాక్యం. “మీలో ప్రతి ఒక్కరికీ ఒక శాసనాన్ని, ఒక మార్గాన్ని ఏర్పాటు చేశాం. దేవుడు తలచుకుంటే మిమ్మల్నందర్నీ ఒకే సముదాయంగా చేసేవాడు. కానీ మీకిచ్చినదాంట్లో మిమ్మల్ని పరీక్షించదలిచాడు. కాబట్టి మంచి పనుల్లో పోటీపడండి.” తేడాలు పొరపాటున వచ్చినవి కావట, పరీక్ష కోసం ఉంచినవట.

ఆజాద్ గారి మీద గట్టి విమర్శే వచ్చింది. అలాగైతే ముహమ్మద్ ప్రవక్తను నమ్మాల్సిన అవసరమే లేదంటారా అని ఉలమా, అంటే మత పండితులు, అడిగారు. నా ఉద్దేశం అది కాదని ఆయన వివరణ ఇచ్చుకున్నారు. ఆ ఉలమా చేతిలోనూ వాక్యం ఉంది. “ఇస్లాం కాక మరో ధర్మాన్ని కోరుకునేవాడి నుంచి అది స్వీకరించబడదు” అని మూడో సూరా చెబుతుంది. మరి యూదులు, క్రైస్తవులు, సాబియన్లనే ఒక ప్రాచీన మతంవాళ్లలో దేవుణ్ణీ అంతిమ దినాన్నీ నమ్మి మంచి పని చేసినవాళ్లకు భయం లేదు, దుఃఖం లేదు అని రెండో సూరా చెబుతుంది. పూర్వపు తఫ్సీర్‌కారుల్లో ఎక్కువమంది, ఆ వాక్యం ముహమ్మద్ ప్రవక్తకు ముందు గడిచినవాళ్ల గురించి అన్నారు. ఆధునికుల్లో కొందరు, మూడో సూరాలోని ‘ఇస్లాం’ అనే మాట దేవునికి లోబడటమనే గుణం గురించి, ఒక సమాజపు పేరు గురించి కాదన్నారు. ఈ తగవు నేను తీర్చగలిగింది కాదు. నేను పట్టుకున్న వాక్యం ఇరవై రెండో సూరాలో ఉంది. విశ్వాసులు, యూదులు, సాబియన్లు, క్రైస్తవులు, అగ్నిపూజకులు, బహుదైవారాధకులు, వీళ్లందరినీ పేరుపేరునా చెప్పి, వీళ్ల మధ్య ప్రళయదినాన తీర్పు చెప్పేది దేవుడేనంటుంది. ఆ కుర్చీ ఖాళీగా లేదు. యూట్యూబులో మనవాళ్లు దాంట్లో కూర్చుని తీర్పులిస్తుంటే నాకు భయమేస్తుంది. వాళ్లు పిలుచుకునే దేవుళ్లను దూషించకండని కూడా ఆరో సూరాలో స్పష్టంగా ఉంది.

ఇంకొక్కటి. “హెచ్చరించేవాడు రాని జాతి ఏదీ లేదు” అంటుంది ఖుర్ఆన్. కొందరు ప్రవక్తల సంగతి నీకు చెప్పాం, కొందరిది చెప్పలేదు అని కూడా అంటుంది. ఢిల్లీలో మీర్జా మజ్హర్ జానె జానాఁ అనే సూఫీ, పద్దెనిమిదో శతాబ్దంలోనే ఈ వాక్యాల వెలుగులో హిందువుల గురించి ఎంతో ఉదారంగా రాశారు. మన నేలకు వచ్చినవారు ఎవరో ఖుర్ఆన్ పేరు పెట్టి చెప్పలేదు. కాబట్టి ఫలానా ఆయన ప్రవక్త అని తేల్చే హక్కు నాకు లేదు. ఇక్కడికి ఎవరూ రాలేదనే హక్కు అసలే లేదు.

ఇక్కడికి కూతవేటు దూరంలో వాలాజా మసీదు ఉంది, పెద్ద మసీదంటాం. ఆర్కాటు నవాబుల కుటుంబం 1795లో కట్టించింది. దాని నిర్మాణ సంవత్సరాన్ని తెలిపే పారశీక పద్యం రాసింది రాజా మఖన్ లాల్ అనే హిందూ పండితుడు. ఆ పద్యం ఇప్పటికీ మసీదు రాతి మీద ఉంది. రంజాన్‌లో అక్కడ ఇఫ్తార్ వడ్డించేవాళ్లను మీరు చూసే ఉంటారు. సూఫీదార్ సంస్థవాళ్లు. దేశ విభజనప్పుడు సింధ్‌లో ఇల్లూవాకిలీ వదిలేసి వచ్చిన హిందూ కుటుంబాలవాళ్లు. విభజన గాయాన్ని సాకుగా పెట్టుకుని వాళ్లు ద్వేషించి ఉండొచ్చు, ఎవరూ తప్పుపట్టేవాళ్లు కాదు. వాళ్లు తలకు టోపీ పెట్టుకుని ఏళ్ల తరబడి ఉపవాసులకు వడ్డిస్తున్నారు. మంచి పనుల్లో పోటీపడమంది అయిదో సూరా. ఈ పోటీలో మనం ఎక్కడున్నాం? వాళ్ల పండక్కి, వాళ్ల ఆపదకు మనం ఏం వడ్డించాం?

నా ప్రసంగం ఇంతే. ప్రశ్నలుంటే అడగండి.

[వెనక వరుస నుంచి ఒక మహిళ: అందరిదీ అంటున్నారు, మరి చాలా మసీదుల్లో ఆడవాళ్లకు చోటెందుకు లేదు?]

అమ్మా, మీలాగే అడిగినావిడ ఒకరున్నారు. ప్రవక్త భార్య ఉమ్మె సలమా. ఖుర్ఆన్‌లో మగవాళ్ల ప్రస్తావన వచ్చినట్టు మా ప్రస్తావన ఎందుకు రాదని ఆమె అడిగారు. ముప్పై మూడో సూరా ముప్పై అయిదో వాక్యం అప్పుడు దిగిందని హదీసులు, అంటే ప్రవక్త మాటలూ చేతల కథనాలు, చెబుతున్నాయి. విశ్వసించే పురుషులు, విశ్వసించే స్త్రీలు, సత్యం పలికే పురుషులు, సత్యం పలికే స్త్రీలు, ఇలా పది గుణాలు చెప్పి ప్రతిదాంట్లో ఇద్దర్నీ విడివిడిగా పేర్కొంటుంది. ఆమె ప్రశ్నకు జవాబు పైనుంచి వచ్చింది. మీ ప్రశ్నకు జవాబు చెప్పాల్సింది మసీదు కమిటీలు. ప్రవక్త మసీదులో స్త్రీలు నమాజు చేశారు. దేవుని దాసీలను దేవుని మసీదుల నుంచి ఆపకండని ఆయన చెప్పిన హదీసు ‘బుఖారీ’ అనే ప్రామాణిక హదీసు సంకలనంలో ఉంది. స్థలం లేదంటారు. షాపింగ్ కాంప్లెక్సు కట్టడానికి దొరికిన స్థలం దీనికీ దొరుకుతుంది. మీరు కమిటీకి రాతపూర్వకంగా అర్జీ ఇవ్వండి, కింద నేనూ సంతకం పెడతాను.

[ఒక యువకుడు: సార్, ఖుర్ఆన్ తెలుగులో చదివితే పుణ్యం వస్తుందా? అరబీలోనే చదవాలంటారు.]

నమాజులో అరబీలోనే చదువుతాం బాబూ, దాంట్లో మార్పు లేదు. తిలావత్, అంటే అరబీ పఠనం, దాని పుణ్యం దానికుంది. కానీ అర్థం తెలుసుకోకుండా జీవితమంతా గడపమని ఏ వాక్యమూ చెప్పలేదు. “వీళ్లు ఖుర్ఆన్‌ను లోతుగా ఆలోచించరా, లేక గుండెలకు తాళాలున్నాయా” అని అడుగుతుంది ఖుర్ఆన్. తెలుగులోకి దీన్ని మొదట తెచ్చిన చిలుకూరి నారాయణరావు గారు ముస్లిం కాదు, తెలుగు భాషా చరిత్ర రాసిన పండితుడు. ఆయన తర్వాత ముస్లిం పండితులు చేసిన అనువాదాలు ఇవాళ నాలుగైదు దొరుకుతున్నాయి. రెండు మూడు పక్కపక్కన పెట్టుకుని చదువు. తేడా వచ్చిన చోట పెన్సిల్‌తో గుర్తుపెట్టి తీసుకురా. వచ్చే ఆదివారం ఇదే టైముకు హుజురాత్ సూరా మొత్తం చదువుదాం, పద్దెనిమిది వాక్యాలే. మీ క్లాసులో ముస్లిం కాని స్నేహితులుంటే వాళ్లనూ పిలువు.